అరువు కళ్ళతో వాగు దాకా

రాళ్ళకొండ తగలబడిపోయాక కుందేలమ్మ తన ఇద్దరు పిల్లల్ని వెంటేసుకుని మూడు రోజులు నడిచి వాగడవికి చేరింది. పచ్చిక ఉంది, నీళ్ళున్నాయి, నీడ ఉంది. లేనిదల్లా ధైర్యం.

రాళ్ళకొండ మీద చెవులే చదువు. ఆకు కదిలితే ఎవరు కదిపారో కుందేలమ్మ చెప్పేసేది. ఇక్కడ వాగు హోరులో చెవులు పనిచేయవు. ఇక్కడివాళ్ళంతా ఒడ్డు బురదలో అడుగుజాడలు చదివాకే నీళ్ళకి దిగుతారు. ఎవరొచ్చారు, ఎప్పుడొచ్చారు, వెళ్ళారా, ఇంకా పొదలోనే ఉన్నారా, అన్నీ ఆ బురదలో రాసి ఉంటాయట. కుందేలమ్మకి మాత్రం బురద బురదలాగే కనబడేది.

మొదటి రోజే నక్క ఎదురొచ్చింది.

"కొత్తగా వచ్చావా కోడలా? భయపడకు. నేను చదివి చెబుతాను, నువ్వు పిల్లలకి నీళ్ళు తాగించుకో."

నెల రోజులు చదివి పెట్టింది. ఒక్కనాడూ తప్పు చెప్పలేదు. అయినా కుందేలమ్మకి పూటపూటా గుండె దడే. పిల్లలకేసి చూసి నక్క "బాగా ఒళ్ళు చేశారే!" అన్నప్పుడు ఆ దడ ఇంకాస్త పెరిగేది.

ఇక ఉండబట్టలేక ఒకరోజు ఇసుకదిబ్బ దగ్గర తాబేలు పంతులు నడిపే బడికి వెళ్ళింది. అక్కడ అన్నీ కూనలే.

"పంతులుగారూ, నాకు చదువు చెబుతారా?"

పిల్లలు కిసుక్కున నవ్వారు. "అత్తా, నీ చెవులు అడ్డం! వెనక కూర్చో" అంది ఏదుపంది పిల్ల.

"నీ ముళ్ళకన్నా నయంలే" అన్నాడు పంతులు. "కూర్చోమ్మా."

చదువు సులువుగా రాలేదు. జింకపిల్ల ఒక్కసారి విని చెప్పేసింది. కుందేలమ్మ చేత పంతులు అదే పాఠం ముప్పైసార్లు చదివించాడు.

"గోళ్ళ గుర్తులు ఎటున్నాయో చూసి ఊరుకోకు. మట్టి ఎటు చిమ్మిందో చూడు. నడిచేది ఏదైనా మట్టిని తను వెళ్ళే వైపుకి కాదు, దానికి వ్యతిరేక దిక్కుకి చిమ్ముతుంది. గోళ్ళు అబద్ధమాడొచ్చు, చిమ్మిన మట్టి ఆడదు."

ఈ సంగతి నక్క చెవిన పడింది.

"మొక్కై వంగనిది మానై వంగుతుందా కోడలా? సగం చదువు మా చెడ్డది. నువ్వు తప్పు చదివావనుకో, పోయేది నీ ప్రాణం కాదు."

ఆ మాట కుందేలమ్మ గుండెలో ముల్లులా దిగింది. రెండు రోజులు బడికి వెళ్ళలేదు. మూడో రోజు వెళ్ళి తల వంచుకుని నిలబడింది.

"భయమేసిందా?" అన్నాడు పంతులు.

"పిల్లలున్నారు పంతులుగారూ. నేను తప్పు చదివితే?"

"నీకు పిల్లలున్నారనేగా ముప్పైసార్లు చదివించింది! కూర్చో."

నాలుగు రోజులు గడిచాక పొద్దున్నే నక్క హడావుడిగా వచ్చింది.

"కోడలా, మన దారిలో చిరుతపులి అడుగులున్నాయి. ఇవాళ ఈతపొదల సందులోంచి నీళ్ళకి వెళదాం. అందులో దుమ్ములగొండి ఉండేది. ఇందాకే బయటికి వెళ్ళిపోయింది. నువ్వూ చదువుకుంటున్నావుగా, నువ్వే చూసుకో!"

కుందేలమ్మ వంగి చూసింది. వెడల్పాటి పాదాలు, గోళ్ళన్నీ బయటివైపే. నిజంగానే వెళ్ళిపోయింది. పిల్లలు అప్పటికే సందు మొదట్లోకి గెంతారు.

అప్పుడు చూసింది మట్టిని. ప్రతి అడుగుకీ గోళ్ళ ముందే, బయటివైపుకే చిమ్మి ఉంది.

దుమ్ములగొండి బయటికి రాలేదు. వెనక్కి వెనక్కి నడుస్తూ పొదలోకే పోయింది. అడుగుల్లో ఊరిన నీళ్ళింకా తేరుకోలేదు.

కుందేలమ్మ 'నేనే తప్పు చదివానేమో' అనుకుని మళ్ళీ చదివింది. ఇంకోసారి చదివింది. మట్టి మాట మార్చలేదు. పరిగెడితే? నక్క పక్కనే ఉంది, ఒక పిల్లనైనా పట్టేస్తుంది.

"ఇలా రండర్రా, కాళ్ళకి బురద" అని పిల్లల్ని పొట్ట కిందికి లాక్కుంది. "చదివాను మావా. నువ్వన్నట్టే ఉంది. కానీ సగం చదువుదాన్ని, నామీద నాకే నమ్మకం లేదు. నువ్వు నాలుగడుగులు ముందు వేస్తే ధైర్యంగా వస్తాం."

"నేనా! పిల్లలు దాహంతో ఉన్నారు, వాళ్ళని ముందు వెళ్ళనీ."

"అదేంటి మావా? నెల రోజులు నీ చదువు మీదే బతికాం. దాని మీద నీకే నమ్మకం లేదా?"

కాదంటే కుందేలు వెనక్కి తిరుగుతుంది. రెండడుగులేసి వచ్చేస్తే సరి, అనుకుంది నక్క. కానీ తెల్లవారగానే దుమ్ములగొండిని వెనక్కి నడిపించి పొదలో దాచినప్పుడు తనే ఏం చెప్పిందో ఆ తొందరలో మరిచిపోయింది. "మొదటి అడుగు చప్పుడుకే మీదపడు. ఎవరా అని ఆగి చూశావో, కుందేళ్ళు చిక్కవు."

నక్క ఒక అడుగు వేసింది. రెండోది వేసేలోపే పొద ఊగింది.

"నేనురా, నేను! కుందేలు వెనక..."

ఆ తర్వాత వినబడింది ఒట్టి ఊళే. కుందేలమ్మ, పిల్లలు ఇసుకదిబ్బ చేరేదాకా వెనక్కి చూడలేదు.

మర్నాడు తోక పోయిన నక్క కుంటుకుంటూ బడి ముందునుంచి పోతూ ఆగింది.

"అంత చదువు ఎప్పుడు నేర్చావే కోడలా?"

"అంతెక్కడిది మావా! ఒక్కటే పాఠం, ముప్పైసార్లు" అంది కుందేలమ్మ. నక్క కనుమరుగయ్యేదాకా చూసి, ఇద్దరు పిల్లల్నీ చెరోపక్క కూర్చోబెట్టుకుని, రెండో పాఠం కోసం బురదలోకి వంగింది.

పిల్లల్ని నడిపించే దారిని అరువు కళ్ళతో చదవకూడదు, ఎంత ఆలస్యమైనా మన కళ్ళతోనే నేర్చుకోవాలి.