సూదయ్యకి పడిన దండ

అనగనగా ఒక అడవిలో... అడవంటే మామూలు అడవి కాదర్రా! ఈ చివర ఎవరైనా తుమ్మితే, ఆ చివరవాళ్ళు మూడోనాడు "చిరంజీవ" అనేవాళ్ళు. అంత పెద్దది.

ఆ అడవిలో ఏటా ఒక పందెం జరిగేది. పేరు ముప్పందెం. ముందు మడుగులో ఈత. ఒడ్డెక్కగానే కొండ చుట్టూ సైకిలు. సైకిలు దిగగానే పరుగు. మధ్యలో కూర్చుని కబుర్లు చెప్పుకోవడానికి లేదు. జంతువులకి సైకిళ్ళెక్కడివని అడక్కండి. ఉన్నాయి. కథ చెప్పేది నేనా, మీరా?

ఆ పందెంలో ఒక ఏదుపంది దిగేవాడు. పేరు సూదయ్య. వీపంతా నల్లా తెల్లా చారల ముళ్ళు. వరసగా మూడేళ్ళు దిగాడు. మూడేళ్ళూ ఆఖరే.

అతని పెళ్ళాం సూరమ్మ ఏటా పందెం ముగిసే చోట పూలదండ పట్టుకుని నిలబడేది. మొదటి ఏడు సూదయ్య వచ్చేసరికి దండ వాడిపోయింది. రెండో ఏడు ఎండిపోయింది. మూడో ఏడు పూలు కాస్తా కాయలై, గింజలు రాలి, సూరమ్మ కాళ్ళ దగ్గర మొక్కలు మొలిచాయి. నా కళ్ళతో చూశాను.

"ఏవండీ, ఈ ఏడు దండ కట్టనా, నేరుగా విత్తనాలే చల్లనా?" అంది సూరమ్మ.

సూదయ్యకి చురుక్కుమంది. "కట్టు! పువ్వు వాడకముందే వచ్చి నీ ముందు మెడ వంచకపోతే నా పేరు సూదయ్యే కాదు!"

అన్నాక ఊరుకుంటాడా? గాలికన్నా తేలికైన సైకిలు తెచ్చాడు. చెట్టుకి కట్టెయ్యకపోతే అది ఎగిరిపోయేది. మణికట్టుకో గడియారం పెట్టాడు. ఎన్ని అడుగులు వేశాడో చెప్తుంది. గుండె ఎన్నిసార్లు కొట్టుకుందో చెప్తుంది. నిన్న సరిగ్గా నిద్రపోలేదని తిడుతుంది. పాపం, సూరమ్మ కూడా ఏనాడూ అంత తిట్టలేదు.

సాధన కూడా చేశాడు. చేసేది చిటికెడు, చెప్పేది రోజంతా. అతను ఎదురొస్తుంటే చీమలు కూడా వరస మార్చేసుకునేవి. పక్క పుట్టలో ఉండే ఉడుము పట్టాభి మాత్రం తప్పించుకోలేకపోయేవాడు. పందెంలో ఏటా ఆఖరి నుంచి రెండోవాడు ఇతనే.

"పట్టాభీ, ఇవాళ నా గుండె నిమిషానికి నూట అరవై కొట్టుకుంది, తెలుసా?"

"సైకిలు తొక్కితేనా బావా?"

"కాదు, తుడిస్తే."

పందెం ముందురోజు ఎలుగుబంటి మాష్టారు అందర్నీ పిలిచి దారి చెప్పాడు. పిల్లలూ, ఇక్కడ జాగ్రత్తగా వినండి. సూదయ్య ఎలాగూ వినలేదు.

"సైకిలు దారి కొండ చుట్టూ," అన్నాడు మాష్టారు. "ఒక చుట్టు కాదు. మూడు చుట్లు! మూడూ అయ్యాకే పరుగు."

ఆ వేళకి సూదయ్య పందెం బనీను తొడుక్కుని, పొట్ట లోపలికి పీల్చి, కోతి చేత ఫోటోలు తీయించుకుంటున్నాడు. పక్కకి తిరిగి ఒకటి. సైకిలు ఎత్తి పట్టుకుని ఒకటి. దూరంగా కొండకేసి చూస్తున్నట్టు ఒకటి.

తెల్లారింది. మాష్టారు ఈల ఊదాడు. పన్నెండు జంతువులు మడుగులో దూకాయి. ఒడ్డున కప్పలన్నీ కొట్టుకుపోయి పై ఊళ్ళో తేలాయి.

ఏదుపంది ముళ్ళు లోపల బోలుగా ఉంటాయి. ఆ రోజు వెనక నుంచి గట్టిగా గాలి కొట్టింది. ముళ్ళన్నీ విప్పారి, సూదయ్య తెరచాప ఎత్తిన పడవలా సాగిపోయాడు. చేతులు ఆడించాడో లేదో అతనికే తెలీదు. ఒడ్డెక్కి లెక్కపెట్టుకుంటే పన్నెండు మందిలో నాలుగోవాడు!

వెనక్కి తిరిగి చూశాడు. జనం! తన వెనక జనం ఉండటం సూదయ్య పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు. కళ్ళు చెమర్చాయి. టోపీ పెట్టుకోబోతే ముళ్ళ మీద గొడుగులా నిలబడింది. దాన్ని అక్కడే పారేసి సైకిలెక్కాడు.

సగం కొండ తిరిగేసరికి వెనక నుంచి గొలుసు చప్పుడు.

"బావోయ్! కాస్త పక్కకి జరుగు, వస్తున్నా!" పట్టాభి గొంతు.

సూదయ్య గుండె గుభేలుమంది. గడియారం ఏదో చెప్పబోయి సిగ్గుపడి ఊరుకుంది. కళ్ళ ముందు సూరమ్మ చేతిలో దండ కనిపించింది. పువ్వు తర్వాత పువ్వు వాడిపోతోంది.

కాళ్ళలో ఇంకా బలముంది. గట్టిగా తొక్కచ్చు. కానీ సూదయ్యకి ఇంకో ఆలోచన తట్టింది. 'తొక్కడమెందుకు? ఒక్కసారి విదిలిస్తే పోలా?'

విదిలించాడు. వీపు మీద ముళ్ళన్నీ జల్లుమని దారంతా రాలాయి. వెనక వస్తున్న ఎనిమిది సైకిళ్ళూ వాటి మీదకి వచ్చాయి.

టప్! టప్! టప్! ఆ చప్పుడు విని పక్క అడవిలో దీపావళి అనుకుని బడికి సెలవిచ్చేశారు.

"అయ్యో, దారి బాగులేనట్టుందే!" అనుకుంటూ, ఈల వేసుకుంటూ సూదయ్య కొండ తిరిగొచ్చాడు. సైకిలు దిగి పరిగెత్తబోయాడు.

అక్కడ చుట్లు లెక్కపెట్టే కొంగ ఒంటికాలి మీద నిలబడి ఉంది. "ఎక్కడికి నాయనా?"

"పరుగుకి."

"ఒక చుట్టే అయింది. ఇంకా రెండున్నాయి."

"రెండా! ఎవరు చెప్పారు?"

"నిన్న మాష్టారే చెప్పారు. అప్పుడు నువ్వు కొండకేసి చూస్తున్నావు."

సూదయ్య ఈసారి నిజంగానే కొండకేసి చూశాడు. మళ్ళీ అదే కొండ. మళ్ళీ అదే దారి. మళ్ళీ అవే... చేసేదేముంది, సైకిలెక్కాడు.

ఆ చోటికి వచ్చేసరికి, ముందు వెళ్ళిన ముగ్గురు కూడా రెండో చుట్టులో ఆ ముళ్ళ మీదే కూలబడి ఉన్నారు. మొత్తం పదకొండు మందీ దారి పక్కనే. పంక్చర్లు వేసే కొండముచ్చు కోటేశు జిగురు డబ్బా తెరిచాడు. మిగతావాళ్ళు దారిలో ముళ్ళు ఏరుతున్నారు.

"బావా, దిగి నడిపించుకురా!" అని అరిచాడు పట్టాభి. "ముళ్ళున్నాయి. ఇంకా ఏరుతున్నాం."

"ముళ్ళా?" అన్నాడు సూదయ్య. "ఏ ముళ్ళు? ఎవరివి?"

పదకొండు మందీ అతని బోడి వీపు చూశారు. దుప్పి దగ్గింది.

"ఎవరివో బావా," అన్నాడు పట్టాభి. "నల్లా తెల్లా చారలున్నాయి. అలాంటివి ఈ అడవిలో చాలామందికి ఉంటాయిలే."

దిగితే, తెలుసని ఒప్పుకున్నట్టు. దిగకపోతే చక్రం పోతుంది. సూదయ్య ముక్కు పైకెత్తి, "నాకేం కనపడటం లేదే!" అంటూ నేరుగా వాటి మీంచి పోనిచ్చాడు.

టప్. టప్. ముందుదొకటి, వెనకదొకటి.

కోటేశు వరసగా పదకొండు సైకిళ్ళూ బాగుచేశాడు. సూదయ్య వంతు వచ్చేసరికి డబ్బా బోర్లించి చూపించాడు. "జిగురైపోయింది బావగారూ. ఏటా ఒకటో రెండో పంక్చర్లు పడేవి. ఈ ఏడెందుకో మరి!"

గాలికన్నా తేలికైన సైకిలు గాలిపోయాక ఏనుగు బరువెక్కింది. దాన్ని తోసుకుంటూ మిగిలిన చుట్టున్నరా తిరిగాడు. తర్వాత పరుగు. పరుగని అతనంటున్నాడు, నత్త ఒకటి పక్కనే నడుస్తూ దారంతా కబుర్లు చెప్పింది. మిగతావాళ్ళు పందెం ముగించి, స్నానాలు చేసి, భోంచేసి, ఒక కునుకు తీసి లేచారు. పొద్దు వాలుతుండగా సూదయ్య చేరాడు.

సూరమ్మ అక్కడే నిలబడి ఉంది.

"వాడిపోయిందా?" అన్నాడు తల దించుకుని.

"పూలదండా? అయిదో స్థానంలో పట్టాభి అన్నయ్య వస్తే ఆయనకి వేసేశాను. అంతవరకూ నిగనిగలాడుతూనే ఉంది."

"మరి చేతిలో అదేమిటి?"

"ఇదా? దారిలో దొరికాయట. తలా గుప్పెడు తెచ్చిచ్చారు. ఎవరివో తెలియదట పాపం. వారం వారం నూనె రాసిన దాన్ని, నేను పోల్చుకోనా?" అని సూరమ్మ ముళ్ళదండ పైకెత్తింది. "వంచండి మెడ. ఇది ఎన్నేళ్ళున్నా వాడదు."

సూదయ్య మెడ వంచాడు. అతని ముళ్ళు అన్నాళ్ళూ ఇతరులకే గుచ్చుకున్నాయి. ఎలా గుచ్చుకుంటాయో అతనికి అప్పుడు తెలిసింది. మెడలో ఆ దండతోనే పట్టాభి దగ్గరికి వెళ్ళాడు.

"పట్టాభీ... అవి నావే."

"అవునా బావా!" అని పట్టాభి నోరు తెరిచాడు. "నువ్వు చెప్పకపోతే మాకు తెలిసేదే కాదు!"

నీతి: చుట్టు తిరిగే దారిలో వెనకవాళ్ళకని చల్లిన ముళ్ళు, మనకే ఎదురొస్తాయి. ఆ దారి ఎన్ని చుట్లో చెప్పేటప్పుడు ఫోటోలు దిగకండి.