కావిలించుకున్న కొబ్బరికాయ

ఇప్పుడు బిందెంత కాసే సముద్రపు కొబ్బరి, ఒకప్పుడు ఇంత పెద్దది కాదర్రా. నవ్వకండి, నిజంగానే నిమ్మకాయంత ఉండేది! ఒంటి కాయే, ఇప్పటిలా జంట కాయ కాదు.

ఎక్కడో నడిసముద్రంలో ఒక దీవి. ఆ దీవిలో ఒక తల్లి చెట్టు, దానికి ఇద్దరు కూతుళ్ళు, రెండు చిన్న కాయలు. అక్కకి మొలకెత్తే కన్ను ఉంది. చెల్లికి లేదు. పాపం, పుట్టుకే అంత.

సముద్రుడు రోజూ వచ్చి పిలిచేవాడు. "రావే పిల్లా! మీ కొబ్బరి చుట్టాలందర్నీ తలా ఒక ఒడ్డుకి చేర్చాను. నిన్నూ మోసుకుపోతా."

అక్కకి ఎగిరి గంతెయ్యాలనిపించింది. కొత్త ఒడ్డు చూడాలని దానికి ఎంత ఆశో! "మరి మా చెల్లి?" అంది.

"మొలకెత్తని కాయ నాకెందుకే? దండగ బరువు. వదిలేసి రా."

చెల్లి మూతి బిగించి, "పోవే అక్కా, నాకేం భయం లేదు" అంది. అంటూనే బావురుమంది. అక్క తల్లి వైపు తిరిగింది.

"అమ్మా, మా ఇద్దరికీ కలిపి ఒకే పీచు చుట్టవే" అంది.

"పిచ్చిపిల్లా! బరువెక్కి నీళ్ళల్లో బుడుంగుమంటావు. ఇక ఏ ఒడ్డూ చూడవు" అంది తల్లి.

"చూడకపోతే పోనీ! దీన్ని వదిలి నేను పోను."

తల్లి ఏం చేస్తుంది మరి? ఏళ్ళ తరబడి పీచు చుట్టింది, చిప్ప గట్టిపరిచింది. లోపల ఇద్దరూ కావిలించుకుని పెరిగారు, పెరిగారు, బిందెంత అయ్యారు! చివరికి ధబ్బుమని తల్లి కాళ్ళ దగ్గరే పడ్డారు.

సముద్రుడికి ఒళ్ళు మండింది. "పడి ఉండండి అక్కడే! ఆ మొద్దు పక్కనుంటే నువ్వూ మొలవ్వు" అని అక్కని కసిరి పోయాడు.

అక్క మాత్రం చెల్లిని వదల్లేదు. కొన్నాళ్ళకి చూద్దుమా, ఇద్దరి నడుమనుంచి పచ్చటి మొలక తొంగి చూస్తోంది! తల్లి ఆకులన్నీ ఊపి మురిసిపోయింది.

తమలో ఉన్న గుజ్జంతా ఆ మొలకకే పెట్టారు అక్కాచెల్లెళ్ళు. మొలక చెట్టయింది, కాయ ఖాళీ చిప్పయింది. అప్పుడు సముద్రుడికి సిగ్గేసింది. "రండమ్మా" అని ఆ చిప్పని నెత్తిన పెట్టుకుని మన ఒడ్డుకి తెచ్చాడు.

ఒడ్డున చేపలమ్మే పోలమ్మకి అది దొరికింది. "ఓలమ్మో! ఇదేటిది, రెండు కాయలు కావిలించుకున్నాయి!"

అటుగా ఒక బైరాగి వచ్చాడు. భిక్ష ముంత పగిలిపోయి, ఆకలితో ఉన్నాడు. "ఆ చిప్ప నాకిస్తావా తల్లీ?" అనడిగాడు.

"అంత సముద్రం దాటొచ్చింది, నీ చేతిలో పగుల్తాదేటి? అట్టుకెళ్ళు బాబూ" అంది పోలమ్మ. పైన కోసి, దాన్నిండా గంజన్నం పోసింది. బైరాగి కడుపునిండా తిన్నాడు.

అప్పటినుంచే ఆ చిప్ప బైరాగుల చేతిలో భిక్షాపాత్ర అయింది. అప్పటినుంచే సముద్రపు కొబ్బరి జంటగా కాస్తుంది, పండడానికి ఏళ్ళు పడుతుంది, పచ్చికాయ నీళ్ళల్లో మునుగుతుంది. మొలక మాత్రం ఇద్దరి నడుమనుంచే వస్తుంది. అది అక్కదా, చెల్లిదా అంటే వాళ్ళమ్మకే తెలీదు.