రాణిగారి చీర మీద పందికొక్కులు

విరజాపురంలో తూర్పువీధి నేతగాళ్లు నమూనాను గళ్ల కాగితం మీద చుక్కలుగా పెట్టుకుంటే, పడమటివీధి వాళ్లు దారానికి ముడులుగా వేసుకునేవారు. చుక్కల్ని ముడుల్లోకి మార్చేది ఆస్థాన నమూనాధికారి విరూపాక్షుడు.

ఆయనిచ్చిన ముడుల ప్రకారం పడమటివీధి చౌడమ్మ రాణిగారి చీరకు నెమళ్ల అంచు నేస్తే, గుబురు మీసాలతో పందికొక్కులు బారులు తీరాయి.

"నా మార్పిడిలో పొల్లు పోదు. తప్పు దీని మగ్గానిదే, విరగ్గొట్టించండి ప్రభూ," అన్నాడు విరూపాక్షుడు రాజుగారితో.

"అలాగే కానీండి మారాజా," అంది చౌడమ్మ. "ముందు తూర్పువీధి వాళ్లు చుక్కల్లో పెట్టుకున్న మీ ముఖం నమూనాను ఈ అయ్యగారి చేత ముడుల్లోకి మార్పించండి. మీకు నచ్చిన మగ్గం మీద నేయించి కోటగుమ్మానికి కట్టిద్దాం."

రాజు మీసం దువ్వుతూ సరేనన్నాడు.

విరూపాక్షుడు రాజుగారి మీసం వంక చూశాడు. చీర మీది మీసాల వంక చూశాడు.

"మగ్గానిది తప్పేం లేదు ప్రభూ," అని నసిగాడు.