రాజమాత వీణలో పచ్చి చెక్క

అనగనగా పొగడపురమని ఒక రాజ్యం. ఆ రాజ్యంలో పాట రానివాళ్లు ఉండేవారేమో గానీ, వీణ లేని ఇల్లు మాత్రం ఉండేది కాదు. వీణలుంటే తీగలు తెగుతాయి, మెట్లు ఊడతాయి, వాటి కింది మైనం కరుగుతుంది. అందుకని అక్కడ వీణలు బాగుచేసేవాళ్లకు చేతినిండా పని.

వాళ్లందరిలో గవరయ్య మొనగాడు. మనిషి బొద్దుగా ఉంటాడు. పొట్ట వీణ కుండలా గుండ్రంగా ముందుకు వచ్చి ఉంటుంది. అతని చెయ్యి చాలా మంచిది. నోరే అంత మంచిది కాదు.

ఆ పనివాళ్లలో ఒక ఆనవాయితీ ఉంది. ఎవరు ఏ వాద్యం బాగుకు తెచ్చినా, ఉలి పట్టుకునే ముందు, అంతకుముందు దాన్ని బాగుచేసినవాణ్ణి నాలుగు తిట్టాలి. అది ఎవరూ నేర్పకుండానే వచ్చే విద్య. మిగతావాళ్లు ఒక మాట అనేసి పనిలో పడేవారు. గవరయ్య మాత్రం తాంబూలం నమిలినట్టు తీరిగ్గా, రుచి చూసుకుంటూ తిట్టేవాడు.

నూనె వర్తకుడు తంబుర తెచ్చాడు. "దీనికి తీగలు చుట్టే బిరడలు బిగించినవాడు గొడ్లను కట్టే గుంజలు పాతుకునేవాడై ఉండాలి" అన్నాడు గవరయ్య.

నాట్యాచార్యుడు వీణ తెచ్చాడు. "ఈ మైనం పెట్టినవాడు ఇల్లు అలికి, చెయ్యి కడుక్కోకుండా వచ్చి పెట్టాడు" అన్నాడు.

గుడి పూజారి ఇంకో వీణ తెచ్చాడు. "ఈ మెట్లు పైడయ్య కట్టినవే కదూ? ఆయనకు చెవులున్నది పోగులు పెట్టుకోవడానికే" అన్నాడు. అందరూ నవ్వారు. అదే వీధిలో దుకాణం ఉన్న ముసలి పైడయ్య అప్పుడు గుమ్మం పక్కనే నిలబడి ఉన్నాడు. అట్నుంచి అటే వెళ్లిపోయాడు. ఆ రోజు నుంచి ఆ ఇద్దరికీ మాటల్లేవు.

ఇలా మూడేళ్లు గడిచాక, కోటలో రాజమాత వీణకు జబ్బు చేసింది.

అది ఆవిడ పుట్టింటి వీణ. రోజూ పొద్దున్నే దాన్ని ఒళ్లోకి తీసుకుంటే తప్ప ఆవిడకు తెల్లవారినట్టు ఉండదు. రాజుగారు సోమకేతుడు ఉయ్యాల్లో ఉన్నప్పుడు ఆ వీణ వింటూనే నిద్రపోయేవాడు. అలాంటి వీణలో, తీగ మీటగానే, కుండలో తుమ్మెద చిక్కుకున్నట్టు ఒక ఝుమ్మనే మోత మొదలైంది.

మొదట ఒకడు వచ్చి తీగలన్నీ మార్చాడు. తుమ్మెద పోలేదు. రెండోవాడు పాత మైనం తీసేసి, మెట్లన్నీ కొత్తగా కట్టాడు. తుమ్మెద కదల్లేదు. మూడోవాడు పెదవి విరిచి, "ఇది ముసలి వీణ, అమ్మా. దీన్ని అద్దాల పెట్టెలో పెట్టించండి. కొత్తది చేసిస్తాను" అన్నాడు. రాజమాత ఆ పూట అన్నం ముట్టలేదు.

అప్పుడు రాజుగారు గవరయ్యను పిలిపించాడు.

గవరయ్య సభ మధ్య చాప మీద కూర్చున్నాడు. కుండకు చెవి ఆనించి, వేలి కణుపుతో తట్టి విన్నాడు. "జబ్బు పైన లేదు ప్రభూ, లోపల ఉంది" అన్నాడు. పల్చటి కత్తిని వేడి చేసి, జిగురు కరిగిస్తూ, పైపలకను మెల్లగా ఎత్తాడు. దీపం దగ్గరకు జరుపుకుని లోపలికి చూశాడు.

కుండ లోపల ఎప్పటిదో ఒక బీట ఉంది. అది విచ్చుకోకుండా ఎవరో అడ్డంగా ఒక చెక్క పట్టీ అతికించారు. ఆ పట్టీ కుంచించుకుపోయి, ఒక కొస పైకి లేచింది. తీగ మీటినప్పుడల్లా ఆ కొసే అదురుతోంది.

గవరయ్యకు లోలోపల పండగయింది. తిట్టడానికి ఇంత మంచి అవకాశం, పైగా ఇంతమంది వినేవాళ్లు, మళ్లీ ఎప్పుడు దొరుకుతారు?

"ప్రభూ, ఎవడో మహానుభావుడు ఇందులో పచ్చి చెక్క వేశాడు. ఆరని చెక్క వీణలో వేయకూడదని మా ఇళ్లలో పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. వీడు పని నేర్చుకోలేదు, పనివాళ్ల గుమ్మం కూడా తొక్కలేదు. పొయ్యిలో పెట్టాల్సిన పుల్ల తెచ్చి రాజమాత వీణలో పెట్టాడు."

"అలాంటివాడికి ఏం శిక్ష వేయాలంటావు?" అని రాజుగారు అడిగాడు.

"వాడి పనిముట్లు మూటగట్టి ఏట్లో పారేయించాలి. వాడు మళ్లీ జన్మలో ఉలి పట్టకూడదు."

"సరే. అదే మా తీర్పు" అన్నాడు రాజుగారు. మంత్రి వెంటనే రాసుకున్నాడు.

ఆ వీణను ఎప్పుడు ఎవరు తెరిచారని విచారణ మొదలైంది. రాజమాత గుర్తు చేసుకుని చెప్పింది. "ఇరవై ఏళ్ల కిందట, నేను పుట్టింటి నుంచి వస్తుంటే దారిలో బండి ఒరిగి వీణ బీటలిచ్చింది. పెద్ద వాన. మన సూరమ్మకు ఇచ్చి ఊళ్లోకి పంపాను. సాయంత్రానికల్లా బాగుచేయించి తెచ్చింది. ఎవరు చేశారని నేను అడగలేదు."

ముసలి దాసి సూరమ్మను పిలిచారు. "పేరు తెలీదు బాబూ. ఎవరి వీణో నేనూ చెప్పలేదు. మనిషి మాత్రం సన్నగా, రివటలా ఉన్నాడు" అంది.

"వీణల వీధిలో సన్నటి మనిషి పైడయ్య ఒక్కడే" అన్నాడు మంత్రి. భటులు పరిగెత్తారు.

వాళ్లు వచ్చేలోగా, గవరయ్య ఊరికే కూర్చోలేక, మెత్తటి గుడ్డతో పట్టీ మీద దుమ్ము తుడిచాడు. దుమ్ము కింద, గోరంత చేప బొమ్మ ఒకటి బయటపడింది.

గవరయ్య చెయ్యి ఆగిపోయింది. ఆ చేప అతనిదే. వీణ లోపల ఎవరికీ కనిపించని చోట ఉలితో చేప గుర్తు చెక్కడం అతని తండ్రి నేర్పిన అలవాటు.

అప్పుడు అంతా గుర్తుకొచ్చింది. దుకాణం పెట్టిన కొత్త రోజులు. ఎడతెగని వాన. చాపలో చుట్టిన వీణ పట్టుకుని వచ్చిన ఒక ఆడమనిషి, సాయంత్రంలోగా ఇమ్మని తొందర పెట్టింది. అటక మీది ఎండు చెక్కంతా వానకు నాని ఉంది. పెరట్లో ఆ వారమే కొట్టిన పనస మొద్దు ఉంది. "లోపలి చెక్కే కదా, ఎవరు చూస్తారులే" అనుకున్నాడు. ఇరవై ఏళ్ల తర్వాత చూసింది తనే. ఆ రోజుల్లో తనూ రివటలాగే ఉండేవాడు. ఈ పొట్ట తర్వాత వచ్చింది.

పనిముట్లు పోతే తనేం చేసి బతుకుతాడు? ఈ చేతులకు ఇంకో పని రాదు. పలక మూసి జిగురు పెడితే చాలు, ఆ చేప మళ్లీ చీకట్లోకి పోతుంది.

ఇంతలో పైడయ్యను తెచ్చారు. డెబ్బై ఏళ్ల ముసలివాడు. భుజాన తన పనిముట్ల సంచీ ఉంది.

"ఈ పచ్చి చెక్క నువ్వు వేసిందేనా?" అని రాజుగారు అడిగాడు.

పైడయ్య చాలాసేపు ఆలోచించాడు. "గుర్తు లేదు ప్రభూ. ఇరవై ఏళ్లంటే చాలా వీణలు చేసుంటాను. వానాకాలంలో ఎండు చెక్క దొరకడం కష్టం. నేను వేయలేదని ఒట్టు పెట్టి చెప్పలేను. చెయ్యన్నాక తప్పు చేస్తుంది" అన్నాడు. భుజం మీది సంచీ దించి, రాజుగారి ముందు పెట్టాడు.

గవరయ్య ఆ సంచీ వైపు చూశాడు. తను ఊరి వాళ్లందరినీ తిట్టాడు. ఈ ముసలాయన తాను చేయని తప్పు మీద పడుతున్నా ఎవరినీ తిట్టలేదు.

"ప్రభూ, ఆ సంచీ ఆయనకు ఇచ్చేయండి" అన్నాడు గవరయ్య. "ఈ పట్టీ వేసింది నేను. లోపల నా చేప గుర్తు ఉంది. ఇంతసేపూ నేను తిట్టింది నన్నే."

సూరమ్మ ముందుకు వచ్చి, గవరయ్య ముఖం కిందా మీదా చూసి, "అవును బాబూ, ఈయనే. బాగా ఒళ్లు చేశాడు" అంది.

శిక్ష ఇంకా ముందే ఉంది. అయినా గవరయ్యకు గుండె మీది బండ దించినట్టయింది. కడుపునిండా ఊపిరి పీల్చుకున్నాడు.

రాజుగారి ముఖం మాత్రం వాడిపోయింది. తీర్పు అయిపోయింది. రాజు ఇచ్చిన మాట వెనక్కి పోకూడదు. అప్పుడు పైడయ్య చేతులు జోడించాడు.

"ప్రభూ, ఒక్క మనవి. వీణ పొట్ట తెరిచి ఉంది. తెరిచినవాడే మూయాలి. ఈ వీణ పని పూర్తయిన రోజున శిక్ష అమలు చేయించండి."

రాజుగారు ఒప్పుకున్నాడు.

పైడయ్య తన అటక మీది నుంచి ఒక పనస చెక్క దించి తెచ్చాడు. అది ఆయన తండ్రి కాలం నుంచి ఎండుతున్న చెక్క. "ఇది చాలా?" అన్నాడు. మూడేళ్ల తర్వాత గవరయ్యతో ఆయన మాట్లాడిన మొదటి మాట అది. గవరయ్య తల ఊపాడు. ఇద్దరూ కలిసి పచ్చి పట్టీ ఊడదీసి, కొత్తది అతికించి, పలక మూశారు. జిగురు ఆరడానికి పది రోజులు ఆగారు. పదకొండో రోజు పొద్దున్న రాజమాత తీగ మీటింది. తుమ్మెద లేదు. కోటలో ఆ మూల నుంచి ఈ మూల దాకా పాత నాదమే వినిపించింది. ఆవిడ కళ్లు తుడుచుకుని, ఆ పూట రెండుసార్లు వడ్డించుకుని మరీ తింది.

మర్నాడు అందరూ ఏటి ఒడ్డుకు చేరారు. గవరయ్య పనిముట్లన్నీ మూటగట్టి తెచ్చాడు. తండ్రి ఇచ్చిన చిన్న ఉలిని మూట కట్టే ముందు ఒకసారి చేత్తో నిమిరాడు.

"గవరయ్యా, నిజం చెప్పు. వీణ పని పూర్తయిందా?" అని రాజుగారు అడిగాడు.

అవునంటే మూట ఏట్లో పడి అంతా అయిపోతుంది. కానీ అడిగింది వీణ గురించి. వీణ విషయంలో ఇంకోసారి మోసం చేయలేకపోయాడు. "పట్టీ పని పూర్తయింది ప్రభూ. కానీ వచ్చే ఎండలకు మైనం మెత్తబడుతుంది. మెట్లు మళ్లీ కట్టాలి."

"అది కడితే పూర్తయినట్టేనా?"

"లేదు ప్రభూ. ఏడాదికోసారి తీగలు మార్చాలి. వాటి రాపిడికి, అవి ఆనుకునే గుర్రం మీది ఇత్తడి రేకు గాడి పడుతుంది. దాన్ని సాపు చేయాలి."

"ఆ తర్వాత?"

"ఆ తర్వాత బిరడలు అరుగుతాయి. పాత వీణ కదా ప్రభూ, రోజూ వాయించే వీణ. దాని పని ఎప్పటికీ..." గవరయ్య అక్కడ ఆగిపోయాడు. తనేం చెబుతున్నాడో తనకే అప్పుడు తెలిసింది. పైడయ్య వైపు చూశాడు. ముసలాయన ఏమీ తెలియనట్టు ఏటి నీళ్లను చూస్తున్నాడు.

"పని పూర్తి కాకుండా ఆ మూట ఎందుకు తెచ్చావయ్యా? తీసుకుని ఇంటికి పో. పూర్తయిన రోజున కబురు చెయ్యి" అన్నాడు రాజుగారు.

రాజమాత నవ్వింది. "నా మోకాళ్ల పనే ఇంతవరకూ పూర్తి కాలేదు. నాతోపాటు వచ్చిన వీణ పని ఎలా పూర్తవుతుంది?"

గవరయ్య అక్కడే ఇసుకలో కూలబడి, మూటను ఒళ్లో పెట్టుకుని, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. పైడయ్య వచ్చి పక్కన కూర్చుని, ఏడుపు అయ్యేదాకా ఉండి, చెయ్యి పట్టుకుని లేపి ఇంటికి తీసుకెళ్లాడు.

ఆ తర్వాత ఏటేటా రాజుగారు కబురు పంపేవాడు, "పూర్తయిందా" అని. "ఇంకా లేదు ప్రభూ" అని గవరయ్య జవాబు పంపేవాడు. ఇక ఎవరు ఏ వాద్యం తెచ్చినా, పైపలక ఎత్తగానే గవరయ్య నోరు తిట్టడానికి తెరుచుకునేది గానీ, వెంటనే మూసుకునేది. ముందు దీపం దగ్గరకు జరుపుకుని, చేప ఉందేమోనని వెతుక్కునేవాడు.

పిల్లలూ, ఒకరి పనిని తప్పుపట్టే ముందు అందులో మన చెయ్యి ఉందేమో చూసుకోవాలి, ఉంటే ఇంకొకరి మీదకు పోకముందే అది నాదేనని చెప్పాలి.