దళవాయి దాటిన గడప

మిరియాలకోటను ఏలే పోతభూపాలుడికి గడ్డపెరుగు లేనిదే ముద్ద దిగదు. ఆ ఏడు పుష్యమాసంలో పడిన చలి అలాంటిలాంటి చలి కాదు. రాజుగారి మీసాలు ఒకదాన్నొకటి కప్పుకుని పడుకునేవి. వరసగా మూడు పూటలు పెరుగు తోడుకోలేదు. ఈ మధ్యాహ్నంలోగా కారణం తేలకపోతే వంటల అచ్చమ్మ కోట విడిచి పోవాలని రాజు తీర్పు చెప్పాడు.

ఆ మాట కోట సేనలను నడిపే దళవాయి భుజంగరాయుడి చెవిన తేనెలా పడింది. వంటశాలలో తన బావమరిదిని కూర్చోబెట్టాలని ఆయన ఎప్పటినుంచో చూస్తున్నాడు.

"పాలు అవే, తోడు అదే, కుండ అదే. మారింది అచ్చమ్మ బుద్ధే ప్రభూ," అన్నాడు.

నిజానికి పొయ్యి పక్కనుండే కుండను దొంగల భయమని చెప్పి రాతికొట్లో పెట్టించింది ఆయనే. అచ్చమ్మ ఆ సంగతి ఎత్తబోతే నోరు మూయించాడు.

విదూషకుడు ఓబుళయ్యకు ఒళ్లు మండింది. పైకి మాత్రం వినయంగా, ఒక్కసారి గడప దాటి వచ్చి కుండను చూడమని దళవాయిని బతిమాలాడు. సభామండపం గడప మోకాలెత్తు ఉంటుంది. దళవాయి శాలువా బిగించుకుని, తాను పీటెక్కాక ఏనుగొచ్చి లాగినా కదలనన్నాడు.

ఓబుళయ్య సరేనన్నాడు. నిప్పుల కుంపటి తెచ్చి, చలి కాచుకుంటున్నట్టు కూర్చుని, మెల్లగా దళవాయి ఎత్తుకాళ్ల ఇత్తడి పీట కిందికి తోశాడు.

కాసేపటికి దళవాయి ఇటు ఒరిగాడు. అటు ఒరిగాడు. శాలువా జారింది, నుదుట చెమట పట్టింది. ఆ మీదట ఆయన లేచిన లేవడం పట్టపుగుర్రానికి కూడా చేతకాదు. ఒక్క దూకున గడప దాటి పెరట్లో పడ్డాడు.

ఓబుళయ్య రాజుకు చేతులు జోడించాడు.

"దళవాయిగారు వారే, పీట అదే, గడప అదే ప్రభూ. మారింది వేడి. పాలకీ పెరుగుకీ నడుమ కూడా ఇలాంటి గడపే ఉంది. రాతికొట్టు చలిలో దాటడానికి పాలకు ఓపిక చాలదు. పొయ్యి పక్కన పెడితే వీరిలాగే గబగబా దాటేస్తాయి."

రాజు పగలబడి నవ్వాడు. కుండ పొయ్యి పక్కకు చేరింది, అచ్చమ్మ వంటశాలకు వెళ్లింది, రాజు భుజం మీది జరీశాలువా ఓబుళయ్య భుజానికెక్కింది. వచ్చి కూర్చోవయ్యా అని రాజు దళవాయిని పిలిచాడు.

ఆయన పెరట్లోంచే వెనక చెయ్యి పెట్టుకుని అన్నాడు:

"నిలబడే ఉంటాను, మహాప్రభూ."