చీపురు అందని మూల

అనగనగా అనగానే అడవో, అద్దాల మేడో గుర్తుకొస్తుంది. ఈ కథ మాత్రం ఒక బావి లెక్కతో మొదలవుతుంది. రోజుకు నూటయాభై కడవల నీళ్లు, మూడు వందల మొక్కలు, రెండు చేతులు. తోటలో అడుగుపెట్టిన నాడు ఓబులేసు దగ్గర ఉన్నదంతా ఇంతే.

ఆ పట్నం పేరు ఎర్రమిట్ట. పేరుకు తగ్గట్టు ఎర్రనేల, ఏటవాలు నేల. దాన్ని ఏలే మల్లభూపాలుడి నాయనమ్మ ఒకప్పుడు కోట బయట ఒక తోట వేయించింది. ఆ తోటకు కాపలా లేదు, తలుపు లేదు. రాళ్లు కొట్టే కూలీలు మధ్యాహ్నం అక్కడే సద్దిమూట విప్పేవారు. ముసలివాళ్లు పులిజూదం ఆడేవారు. పిల్లలు కోతికొమ్మచ్చి ఆడేవారు. నాయనమ్మ తోట అంటే ఊరందరికీ సొంత పెరడే.

మూడేళ్లు వానలు ముఖం చాటేశాయి. తోట వాడిపోయింది. అప్పుడు అశ్వశాలాధికారి భీమోజి సభలో లేచాడు.

"ప్రభూ, ఎండిన తోటకన్నా నిండిన గుర్రపుశాల మేలు. ఆ స్థలం నాకు ఇప్పించండి."

రాజు మనసు ఒప్పలేదు. "ఆ తోటను బతికించేవారు ఎవరూ లేరా?" అని అడిగాడు.

సభ నేల చూపులు చూసింది. వెనక గుమ్మం దగ్గర, కోటకు కుండలు దింపడానికొచ్చిన ఇరవై ఏళ్ల ఓబులేసు ముందుకు దూకాడు.

"నేను బతికిస్తాను మహారాజా!"

"మట్టి తొక్కేవాడివి, నీకు చెట్ల సంగతేం తెలుసురా?" అని నవ్వాడు భీమోజి.

"లెక్క తెలుసు దొరా. నీళ్లెన్నో చెప్పండి, పంచి చూపిస్తాను."

రాజు గడువు పెట్టాడు. "రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ ఎండను దాటి తోట నిలిస్తే అది ఎప్పటికీ తోటే. నిలవకపోతే, మృగశిర మొదటినాడు అక్కడ గుర్రాలు కట్టిస్తాను."

తోటలో గురవప్ప అనే ముసలి తోటమాలి ఉన్నాడు. నలభై ఏళ్లుగా అతని కొలువు అదే. తెల్లారకముందే ఈనెల చీపురు పట్టి తోటంతా అద్దంలా ఊడ్చి, రాలిన ఆకులన్నీ పోగేసి తగలబెట్టేవాడు. 'నా తోటలో నేలమీద ఆకు చూసినవాడు లేడు' అనేది అతని గొప్ప.

ఓబులేసు మొక్కలు లెక్కపెట్టాడు. వేళ్ల మీదే భాగహారం చేశాడు.

"మొక్కకు అరకడవ తాతా. ఎక్కువా లేదు, తక్కువా లేదు. న్యాయంగా పంచుదాం."

అలాగే పోశారు. ఇరవై రోజులు గడిచాయి. పోసిన నీళ్లు ఊడ్చిన నేలమీద జారి వీధిలోకి పారాయి. వీధిలో పందులు సుఖంగా పొర్లాయి. మొక్కలు మాత్రం ఎండిపోతూనే ఉన్నాయి.

"పందులకు కూడా పంచావా నాయనా?" అన్నాడు గురవప్ప.

ఓబులేసు ముఖం ఎర్రబడింది. మళ్లీ లెక్క వేశాడు. నీళ్లు పెరగవు కాబట్టి మొక్కలు తగ్గాలి. ఎవరూ నాటని తంగేడు పొదలు, వావిలి, పిచ్చి పొదలు నూరు ఉన్నాయి. నీడనివ్వవు, పండ్లివ్వవు. వాటన్నిటినీ ఒక్క రోజులో నరికించాడు. ఇక రెండు వందల మొక్కలే మిగిలాయి. ఒక్కోదానికి ముప్పావు కడవ!

పదిహేను రోజులు గడిచాయి. అడ్డం లేక వడగాలి తోటలోకి నేరుగా కొట్టింది. పిట్టలు వెళ్లిపోయాయి. పిట్టలు పోయాక మందారాలకు పురుగు పట్టింది. భీమోజి మనుషులు తోట చుట్టూ మేకులు కొట్టి గుర్రపుశాలకు కొలతలు తీసుకున్నారు.

ఆ సాయంత్రం ఓబులేసు నరికిన తంగేడు మోడు పక్కన కూలబడ్డాడు. లెక్క ఎక్కడా తప్పలేదు. అయినా తోట పోతోంది. ఎందుకో అంతుపట్టలేదు.

మోడు మీద ఒక ముసలి తొండ కూర్చుని ఉంది. తల ఊపుతోంది.

"అవునవునంటూ తల ఊపుతావేం? నా బతుకు చూస్తే నవ్వొస్తోందా?" అని కసిరాడు.

"తల ఊపడం నా జాతి లక్షణం. నవ్వడం మాత్రం నా సొంతం," అంది తొండ. "మొక్కల్ని లెక్కపెట్టావు, బాగుంది. నన్ను లెక్కపెట్టావా?"

"నీకు నీళ్లెందుకు?"

"నాకొద్దు నాయనా. నేను ఆ పురుగుల్ని తింటాను. నాకు ఈ పొద ఇల్లు. నా ఇల్లు నరికేశావు, ఇప్పుడు పురుగొచ్చిందని ఏడుస్తున్నావు."

 ఓబులేసు చేతులు జోడించాడు. "తప్పయింది. ఇప్పుడేం చెయ్యమంటావు?"

"ఏమీ చెయ్యొద్దు. మూడు రోజులు ఈ తోటలో ఊరికే కూర్చో."

"గడువు దగ్గరపడుతుంటే ఊరికే కూర్చోవడమా!"

"కూర్చోలేవులే. నీ జాతి లక్షణం అది," అని తొండ రాళ్లలోకి దూరిపోయింది.

పౌరుషం పొడుచుకొచ్చి ఓబులేసు కూర్చున్నాడు. కాళ్లు ఆగలేదు, చేతులు ఆగలేదు, అయినా కూర్చున్నాడు.

మొదటి రోజు నీడను చూశాడు. పరదేశం నుంచి తెచ్చి నాటిన నలభై పూలమొక్కలు పొద్దంతా నిప్పుల ఎండలో ఉన్నాయి. ఎన్ని నీళ్లు పోసినా అవే ముందు తలవాల్చాయి.

రెండో రోజు నీళ్లను చూశాడు. గురవప్ప కడవ పొయ్యగానే నీరు వాలు వెంట పరుగెత్తింది. బావి గట్టు దగ్గర జనం కాళ్లు కడుక్కున్న నీళ్లు మాత్రం పల్లంలో చేరి, సాయంత్రం దాకా అక్కడే నిలిచాయి.

మూడో రోజు మనుషుల్ని చూశాడు. కూలీలు వచ్చారు, వేసిన అరుగులన్నీ వదిలేసి తూర్పు గోడ వెనక మూలకు పోయారు. అక్కడొక కానుగ చెట్టు. దానికి ఎవరూ నీళ్లు పొయ్యరు. గోడ అడ్డం కాబట్టి గురవప్ప చీపురూ అక్కడికి అందదు. మోకాలి లోతు ఎండుటాకులు. చెట్టు మాత్రం నల్లగా, నిండుగా ఉంది.

ఓబులేసు ఆకుల్లో చెయ్యి పెట్టాడు. అడుగున మన్ను చల్లగా తగిలింది. పిడికిట్లో తీస్తే వానపాము మెలికలు తిరిగింది. కుమ్మరి చేతికి మట్టి తడి తెలియనిదా! పరుగున గురవప్పను పిలుచుకొచ్చాడు.

ముసలివాడు ఆ మట్టిని తాకాడు. వేళ్ల మధ్య నలిపి చూశాడు.

"అంటే నలభై ఏళ్లు నేను ఊడ్చింది చెత్త కాదా? తోట కట్టుకున్న బట్టను రోజూ విప్పి తగలబెట్టానా?" చేతిలోని చీపురు వైపు చూశాడు. "ఇక ఈ చీపురు పొయ్యిలో పెట్టు. నేనూ ఇంటికి పోతాను."

"అదేం మాట తాతా! చీపురు లేకపోతే ఎలా? బాటలు ఊడువు, జనం కాళ్లకు ముల్లు గుచ్చుకోకూడదు. ఊడ్చిన ఆకుల్ని మాత్రం చెట్ల కిందికి తొయ్యి. నీ అంత బాగా తోసేవాడు ఊళ్లో ఎవడున్నాడు?"

గురవప్ప చీపురును గట్టిగా పట్టుకున్నాడు. "అయితే కాస్త ఎడంగా నిలబడు. దుమ్ము పడుతుంది," అన్నాడు.

ఓబులేసు ఇంటికి పోయి తల్లి పోలమ్మను అడిగాడు. "అమ్మా, తొంభై కుండలు కావాలి. సరిగా కాలనివి, నీళ్లు ఊరేవి."

"నీళ్లు నిలిచే కుండ కోసం వచ్చేవాళ్లను జీవితమంతా చూశాను. కారే కుండ అడిగినవాణ్ణి ఇవాళే చూస్తున్నానురా!" అంటూ పోలమ్మ పెరట్లో పారేసిన కుండలన్నీ చూపించింది.

ఇంకా బతికున్న నూట ఎనభై మొక్కల్లో రెండేసి మొక్కల నడుమ ఒక కుండను మెడదాకా పాతారు. కడవెడు నీళ్లు నింపి మూత పెడితే నీరు మెల్లగా చెమర్చి వేళ్లకు అందింది. ఒక కుండ మూడు రోజులు వచ్చింది. తొంభై కుండలకు రోజూ ముప్పై కడవలే పట్టాయి. ప్రతి చెట్టు కిందా వాలు వైపు నెలవంకలా మట్టికట్ట వేశారు. పరదేశపు పూలమొక్కలను బావి పక్కన పల్లంలోకి మార్చి, పైన ఈతాకు పందిరి వేశారు. తంగేడు మోళ్లలో ఇరవై చిగురించాయి. వాటిని ఎవరూ ముట్టుకోలేదు.

రోహిణి వచ్చింది. బావి ఊట నూటయాభై నుంచి అరవైకి పడిపోయింది. పాత లెక్కే అయితే తోట ఆనాడే కాలిపోయేది.

మృగశిర మొదటినాడు రాజు వచ్చాడు. వెనకే భీమోజి, అతని వెనక గుర్రాలు.

"చూడండి ప్రభూ, నేలంతా చెత్త! తోటా ఇది? ఉన్న మూడు వందల మొక్కల్లో రెండు వందలు కూడా కనిపించడం లేదు," అన్నాడు భీమోజి.

"నిజమే మహారాజా," అన్నాడు ఓబులేసు. "నూరు పొదలు నేనే నరికించాను. అది నా తప్పు. వాటిలో ఇరవై మళ్లీ లేచాయి. నాటిన రెండు వందల్లో నూట అరవై మొక్కలు నిలిచాయి. అందులో పరదేశపు పూలమొక్కలు నలభైకి సగమే."

రాజు సమాధానం చెప్పేలోగా మబ్బు ఉరిమింది. మృగశిర తొలివాన కుండపోతగా దిగింది. అందరూ కానుగ కిందికి చేరారు.

అక్కడి నుంచి చూస్తే మిట్ట మీది కోట తోట కనిపిస్తుంది. వెయ్యి కడవలు తాగే తోట, గవ్వలా నున్నగా ఊడ్చిన తోట. ఆ తోటలోంచి వాన నీరు ఎర్రగా వీధిలోకి ఉరికింది. మొక్కల మొదళ్ల మన్ను కూడా కొట్టుకొచ్చింది. నాయనమ్మ తోట గుమ్మంలోంచి మాత్రం ఒక్క చుక్క బయటికి పోలేదు. నెలవంక కట్టలు నిండాయి, నీళ్లు ఆకుల కింద ఇంకిపోయాయి. వాన వెలిశాక రాజు తన కర్రతో ఆకుల్ని పక్కకు తోసి గుచ్చాడు. కర్ర మూరెడు లోతుకు దిగింది.

"భీమోజీ, మీ గుర్రాలను వెనక్కి తిప్పండి," అన్నాడు రాజు. "ఓబులేసూ, రేపటి నుంచి కోట తోట కూడా నీదే. ఎన్ని మొక్కలు, ఎన్ని కడవలు? నీ లెక్క చెప్పు."

మూడు నెలల కిందటి ఓబులేసైతే వేళ్లు మడిచేవాడు. ఇప్పుడు గురవప్ప దగ్గరున్న పాత చాప అడిగి తీసుకుని చంకలో పెట్టుకున్నాడు.

"లెక్క ఇంకా లేదు మహారాజా. ముందు మూడు రోజులు అక్కడ ఊరికే కూర్చుంటాను."

తంగేడు చిగురు మీద తొండ తల ఊపింది. ఓబులేసు తడిసిన బాట పట్టి మిట్ట ఎక్కసాగాడు.

నేల చెప్పేది విన్నాక వేసిన లెక్కే నిలుస్తుంది. వినకుండా వేసిన లెక్క ఎంత సరైనదైనా నీళ్లపాలే.