ఏరు దాటిన రొట్టె

మా ఏటిగట్టు చర్చికి కొత్తగా వచ్చిన ఫిలేమోను అయ్యగారు మంచి బోధకులే గానీ, ఫోన్‌లో అయిపోయే పనికి కాళ్లు అరగదీసుకోవడం దేనికి అనే రకం. ఆయన వచ్చాకే మా ఆరాధన లైవ్‌లో రావడం మొదలైంది. కువైట్‌లో ఉన్న మా ఆడపిల్లలు కూడా చూసి కళ్లనీళ్లు పెట్టుకునేవారు. మాకూ గర్వంగానే ఉండేది, అబద్ధమెందుకు?

మా సంఘంలో ఒక ఆనవాయితీ ఉంది. నెల మొదటి ఆదివారం ప్రభువు పేరిట అందరికీ రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభుబల్ల అయ్యాక, మంచం పట్టినవాళ్ల ఇళ్లకు అయ్యగారే వాటిని తీసుకెళ్లాలి. ఫిలేమోను అయ్యగారు దాన్ని మాన్పించేశారు.

"ఇంట్లోనే రొట్టెముక్క పెట్టుకుని ఫోన్ ముందు కూర్చోండి. ఇక్కణ్ణించే ప్రార్థన చేస్తాను. దేవుడికి దూరమేముంది?" అన్నారు.

ఏటికి అవతల దీనమ్మ ఉండేది. నడవలేదు, పైగా షుగరు. ప్రభుబల్ల తీసుకునేదాకా పచ్చి మంచినీళ్లు కూడా ముట్టదు. ఆ ఆదివారం పొరుగింటి సలోమి ఆమె ముందు ఫోన్ పెట్టి, రొట్టెముక్క చేతికిచ్చి చర్చికి వచ్చింది. కాసేపటికే అక్కడ సిగ్నల్ పోయింది. సలోమి పడవలో తిరిగి వెళ్లేసరికి దీనమ్మ మంచం మీద ఒరిగిపోయి ఉంది. రొట్టె ఇంకా చేతిలోనే ఉంది.

సలోమి ఆమె నోట్లో ఇంత పంచదార వేసి, సిగ్నల్ కోసం ఏటి ఒడ్డుకు పరుగెత్తి అయ్యగారికి ఫోన్ చేసింది. సలోమి ఎక్కి వెళ్లిన పడవేమో అవతలి ఒడ్డునే ఉంది. అయ్యగారు ఆగలేదు. బల్ల మీద మిగిలిన రొట్టె, ద్రాక్షరసం సంచిలో పెట్టుకుని, ఆ ఇస్త్రీ తెల్ల ప్యాంటుతోనే బురదలో దిగి ఏరు దాటారు.

దీనమ్మ కళ్లు తెరిచింది.

"చేతిలోనే ఉందిగా, తినేయాల్సిందమ్మా" అన్నారు అయ్యగారు.

"మీ ప్రార్థన వినకుండా ఎలా తింటానయ్యా? బొమ్మ మళ్లీ వస్తుందేమోనని చూస్తున్నాను."

అయ్యగారు అక్కడే నేల మీద మోకరించి, ప్రార్థన చేసి, తన చేత్తో రొట్టె తినిపించారు.

మరుసటి ఆదివారం లైవ్‌లో అందరూ చూస్తుండగా అయ్యగారు అన్నారు: "దేవుడు పరలోకం నుంచి మాట చెప్పి ఊరుకోలేదు. పశువుల పాకలో పుట్టి మన మధ్యకు వచ్చాడు. నేను ఒక ఏరు దాటడానికి బద్ధకించాను. తప్పు నాదే."

అంతమందిలో తప్పు ఒప్పుకున్న ఆ అయ్యగారు మావారని ఈ రోజుకీ గొప్పగా చెప్పుకుంటాం. లైవ్ ఇప్పటికీ వస్తుంది. మొదటి ఆదివారం రొట్టె కూడా పడవెక్కుతుంది, అయ్యగారితో సహా.

యంత్రం మన మాటను ఎంత దూరమైనా చేరుస్తుంది గానీ, మన కోసం ఎదురుచూసే మనిషి దగ్గరికి మనమే వెళ్లాలి.